స్ప్రింక్లర్ పైపు పనిలో రిట్రాక్టబుల్ బ్లాక్: చాలాకాలం వాడాక

రాయగడ, జయపురం వైపు గోడౌన్ షెడ్లు చాలావరకు మరీ ఎత్తుండవు. అక్కడే ఈ బ్లాక్ విలువ తెలుస్తుంది. ఇది పైన తగిలించే డబ్బా, మన బెల్టుకి కట్టిన దీని పట్టీ కదిలినకొద్దీ బయటికొస్తూ తిరిగి లోపలికి చుట్టుకుంటుంది, పడితే పట్టేస్తుంది. మామూలు లాన్యార్డు (బెల్టుని పైన తగిలించే తాడు) 2 మీటర్లు, పడ్డప్పుడు దాని షాక్ అబ్సార్బర్ (కుదుపు తగ్గించే భాగం) 1.75 మీటర్ల దాకా సాగుతుంది, బెల్టు వీపు రింగు నుంచి పాదాలకి 1.5, ఆపైన ఇంకో మీటరు జాగ్రత్తకి. అంటే హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి 6.25 మీటర్ల ఖాళీ కావాలి. 5 మీటర్ల షెడ్డులో బెల్టు కట్టుకున్నా మనిషి నేలకి తగులుతాడు. బ్లాక్ అయితే గుంజు పడగానే పట్టేస్తుంది, పాదాల కింద 3 మీటర్లుంటే చాలు. ఈ ఒక్క గుణానికే దాన్ని వదలబుద్ధి కాదు.

కాకపోతే మంటలార్పే స్ప్రింక్లర్ నీళ్ళ లైను కప్పుకి ఆనుకునే పోతుంది. పట్టు, అంటే బ్లాక్ తగిలించే గట్టి చోటు, దొరికే రాఫ్టరు (కప్పు దూలం) భుజానికి మీటరు పైన ఉంటుంది. నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు దాటకూడదనే లెక్కన అటూ ఇటూ 58 సెంటీమీటర్లే కదలగలం. దాటి పడితే ఊగిపోయి స్తంభానికి కొట్టుకుంటాం. కాబట్టి బ్లాక్‌ని మాటిమాటికీ జరపాలి. విసుగొచ్చి పైపుకే తగిలించేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. స్ప్రింక్లర్ల అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 13 ప్రకారం హ్యాంగరు (పైపుని వేలాడదీసే కొక్కెం) మోయాల్సింది నీళ్ళు నిండిన పైపు బరువుకి 5 రెట్లు, మరో 114 కిలోలు. అంగుళం పైపుకి 3.66 మీటర్లకో హ్యాంగరు చొప్పున అదంతా కలిపి సుమారు 170 కిలోలు. పడే మనిషిని ఆపే పట్టుకి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా అడిగేది 2,268 కిలోలు. పల్చటి రేకు పర్లిన్ (కప్పు రేకుల్ని మోసే అడ్డ కమ్మీ) కూడా పనికిరాదు. హ్యాంగర్లు గీసే డ్రాయింగు మీదే పట్టు బిందువులూ గుర్తు పెట్టుకుంటే పైకెక్కాక వెతుకులాట ఉండదు.

మా బ్లాక్ మొరాయించింది పట్టీ దగ్గర. పైపు మరలు కోసిన కటింగ్ ఆయిల్ చేతి తొడుగుల నుంచి పట్టీకి అంటింది, దాని మీద గోడౌన్ దుమ్ము పేరుకుంది, ఆ జిడ్డంతా డబ్బా లోపలికి చుట్టుకుపోయింది. పొద్దున పరీక్షలో మీటరు లాగి వదిలితే సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. గట్టిగా గుంజితే పట్టింది నిజమే, కానీ వెనక్కి చుట్టుకోని పట్టీ వదులుగా వేలాడుతుంది, ఆ వదులంతా పడ్డప్పుడు అదనపు పతనం. లోపల విప్పి తుడిచే వీల్లేదు, నూనె అసలే వెయ్యకూడదు. విశాఖ పంపించి సర్వీసు చేయించాల్సొచ్చింది, అది తిరిగొచ్చేదాకా ఆ లైను పని ఆగింది.

అప్పట్నించీ పని అయ్యాక పట్టీ మొత్తం బయటికి లాగి, తేలికపాటి సబ్బునీళ్ళతో తుడిచి, నీడలో ఆరాకే లోపలికి పోనిస్తున్నాం. హుక్కుని ఒక్కసారిగా వదిలేస్తే స్ప్రింగు దెబ్బతింటుంది, సన్న తాడు కట్టి మెల్లగా పంపాలి. గ్రైండింగ్ నిప్పురవ్వలు పడే చోట పట్టీ రకం వద్దు, స్టీలు తాడుది తీసుకోండి. వేలాడిపోయిన మనిషిని నిమిషాల్లో దించే ఏర్పాటు కూడా ముందే ఉండాలి.

నిచ్చెన, స్కాఫోల్డు మీద చిన్న చిన్న పనులకి నేనిదే కొంటాను. పొడవాటి షెడ్డుకి ఇంజనీరు లెక్కగట్టిన అడ్డ లైఫ్‌లైన్ (బెల్టు తగిలించుకుని అటూ ఇటూ నడిచేలా అడ్డంగా కట్టిన తాడు) మేలనిపిస్తుంది. సిజర్ లిఫ్టు (మనిషిని పైకెత్తే యంత్రపు వేదిక) మీదుంటే దాని సొంత పట్టుకి పొట్టి లాన్యార్డు చాలు. సర్వీసు దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఒక బ్లాక్ సరిపోవచ్చు, మా వైపువాళ్ళకి మాత్రం రెండు కావాలి.