ఖరజ్ పంచమ్ సితారా, గాంధార్ పంచమ్ సితారా: ఏది కొనాలి?

సితార్ కొందామని షాపుకు వెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్న "రవిశంకర్ స్టైలా, విలాయత్ ఖాన్ స్టైలా?" అని. చాలామంది దండి మీద రెండో సొరబుర్ర ఉందా, చెక్కడాలు ఎన్ని ఉన్నాయి అని చూసి తేల్చేస్తారు. ఆ బుర్ర చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అసలు తేడా తీగల్లో ఉంది.

పండిత్ రవిశంకర్ (1920–2012) వాయించిన ఖరజ్ పంచమ్ సితార్‌కి పైన ఏడు తీగలు. అందులో రెండు లావుపాటివి. ఒకటి మంద్రానికీ, అంటే కింది స్థాయికీ, ఇంకా కింద ఉండే పంచమానికి, ఇంకొకటి అంతకంటే కింది షడ్జానికి శ్రుతి చేస్తారు. దర్బారీ లాంటి రాగాన్ని కింది స్థాయిలో ఒక్కో స్వరం మీద నిలబడుతూ ఆలాపించాలంటే ఇవి ఉండాల్సిందే. మైహర్‌కు చెందిన అల్లావుద్దీన్ ఖాన్ శిష్యులు రవిశంకర్, నిఖిల్ బెనర్జీ ఇద్దరి వాదనలోనూ ఆ గాంభీర్యం వినిపిస్తుంది. చిక్కల్లా ఝాలా దగ్గర, అంటే చివర్లో వేగంగా మీటే భాగం దగ్గర. వేగం పెరిగాక ఈ లావు తీగలు అడగకుండానే మోగుతుంటాయి. అందుకే మెట్ల దగ్గర చిన్న కొక్కెం పెడతారు. తీగను వేలితో కిందికి లాగి దానికి తగిలిస్తే ఇక మిజ్రాబ్‌కు (వేలికి తొడుక్కుని మీటే తీగ ఉంగరానికి) అందదు.

విలాయత్ ఖాన్ (1928–2004) ఆ రెండు తీగల్నీ తీసేసి, సన్నటి స్టీల్ తీగ ఒకటి గాంధారానికి శ్రుతి చేసుకున్నారు. మొత్తం ఆరు తీగలే. ఇదే గాంధార్ పంచమ్ సితార్. సితార్ గొంతులా పాడాలన్నది ఆయన పట్టు; దాన్నే గాయకీ అంగ్ అంటారు. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి నాలుగైదు స్వరాలు పలికిస్తుంటే, మధ్య మధ్య స-గ-ప కలిసి మోగి పాటకు తోడుంటాయి. మరి లోతైన మంద్రం సంగతో? వాళ్ళ ఇమ్దాద్‌ఖానీ ఘరానాలో (సంగీత సంప్రదాయంలో) అందుకు సుర్‌బహార్ ఉండనే ఉంది, అది సితార్‌లాంటిదే, ఇంకా పెద్దది, మంద్రంగా మోగుతుంది. తమ్ముడు ఇమ్రత్ ఖాన్ దాన్ని వాయించడంలో దిట్ట. ఇంట్లో సుర్‌బహార్ లేని మనకు ఆ వెసులుబాటు ఎక్కడిది!

పైగా గాంధారం తీగ కాస్త పేచీకోరు. యమన్‌లో, అంటే మన కల్యాణిలో, వినడానికి కడుపు నిండిపోతుంది. మాల్‌కౌన్స్‌కి, అంటే మన హిందోళానికి, వచ్చేసరికి అదే తీగ అపస్వరం అవుతుంది. అక్కడ గాంధారం కోమలం (కాస్త కిందిది), పంచమం అసలే లేదు. రెండింటి శ్రుతీ మార్చుకోవాలి. ఖరజ్ సితార్‌లోనూ పంచమం తీగలు మార్చక తప్పదు గానీ, ఈ గాంధారం గొడవ ఉండదు. తరబ్ తీగలు, అంటే మెట్ల కింద వాటంతట అవే ప్రతిధ్వనించే సన్న తీగలు, ఎలాగూ రెండింటికీ రాగాన్ని బట్టి సవరించుకోవాల్సిందే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు వాయించడం కంటే ఇదే పెద్ద టెన్షన్.

గురువు దొరికి ఉంటే ఆలోచన అక్కర్లేదు, ఆయన చేతిలో ఏది ఉంటే అదే కొనండి. మైహర్ పద్ధతి గురువు ముందు ఆరు తీగల సితార్ పట్టుకుని కూర్చుంటే, ఆయన కింది షడ్జం మీద చూపించేది మీ దగ్గర వాయించడానికి తీగే ఉండదు.

గురువు ఇంకా కుదరకపోతే నా లెక్క ఇది. వీణ వచ్చినవాళ్ళు ఖరజ్ పంచమ్ తీసుకోండి. మంద్రం, అనుమంద్రం తీగలకు అలవాటుపడిన చెవికి అవి లేకపోతే వెలితిగా ఉంటుంది. గాత్రం నేర్చుకున్నవాళ్ళకూ, సంగీతం అసలు తెలియనివాళ్ళకూ గాంధార్ పంచమ్ మేలు. తీగలు తక్కువ, కుడిచేతికి అడ్డు తక్కువ, పాడగలిగినది త్వరగా చేతికి వస్తుంది.

మిరజ్ సితార్లకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అలాగని ఊరి పేరు చెప్పగానే ధరకు తలూపేయకండి. షాపులోనే మొదటి తీగను ఒక మెట్టు మీద నొక్కి, గట్టిగా లాగి వదిలిపెట్టండి. నాలుగైదుసార్లు అలా చేశాక కూడా శ్రుతి చెదరకుండా ఉందా చూడండి. తర్వాత ఒక్కో మెట్టు మీదా మీటి వినండి. ఎక్కడైనా మోత మొద్దుబారితే బ్రిడ్జి మీద జవారీ, అంటే తీగలు ఆనే పైభాగం వంపు, సరిగా తీయలేదన్నమాట. దాన్ని సరిచేసి ఇస్తామంటేనే డబ్బు కట్టండి.