ఆక్స్‌ఫర్డ్‌లో మా పీజీ కాలేజీ అలమ్నై ఆఫీసు: అయిదుకి మూడున్నర

చదువు అయిపోయాక కాలేజీ మనకేం సర్వీసు ఇస్తుంది అంటే మనవాళ్లు నవ్వుతారు. టీసీ కోసం, ఒరిజినల్స్ కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి "నో డ్యూస్ తెచ్చారా" అనిపించుకోవడంతో మనకీ కాలేజీకీ రుణం తీరిపోతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో అసలు వ్యవహారం అక్కడే మొదలవుతుంది. పాత విద్యార్థులతో సంబంధాలు చూసుకోవడానికి, వాళ్ల దగ్గరా బయటివాళ్ల దగ్గరా విరాళాలు సేకరించడానికి కాలేజీలకు సొంత ఆఫీసులుంటాయి. డెవలప్‌మెంట్ ఆఫీస్ అంటారు. పైన ఒక డైరెక్టర్ ఉంటారు, చాలా చోట్ల ఆయనో ఆవిడో కాలేజీ ఫెలో కూడా, అంటే కాలేజీని నడిపే సభ్యుల్లో ఒకరు. నేను అక్కడ ఏడాది ఎమ్మెస్సీ చేశాను, తర్వాత కొన్నేళ్లు లండన్‌లో ఉద్యోగం చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఇన్నేళ్లుగా వాళ్ల మెయిళ్లు చదువుతూ, అప్పుడప్పుడూ డబ్బులిస్తూ, అప్పుడప్పుడూ విసుక్కుంటూ ఉన్నవాణ్ణి కాబట్టి హోటళ్లకి రాసినట్టే దీనికీ రివ్యూ రాస్తున్నాను. కాలేజీ పేరు మాత్రం చెప్పను. గట్టిగా లెక్కపెడితే నలుగురున్న ఆఫీసు, పేరు రాస్తే మనుషుల్ని వేలు పెట్టి చూపించినట్టే.

మనుషులకి నాలుగున్నర, సిస్టమ్‌కి రెండున్నర, సగటు మూడున్నర.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రతి విద్యార్థికీ ఒక డిపార్ట్‌మెంటూ, ఒక కాలేజీ, రెండూ ఉంటాయి. చాలా కాలేజీల్లో డిగ్రీ పిల్లలూ పీజీ పిల్లలూ కలిసే ఉంటారు. లినాకర్, సెయింట్ ఆంటోనీస్, వుల్ఫ్‌సన్, గ్రీన్ టెంపుల్టన్, కెలాగ్ లాంటివి కొన్ని మాత్రం పీజీ వాళ్లకే. డిగ్రీ పిల్లలకి మూడు నాలుగేళ్లు కాలేజీలోనే ట్యుటోరియల్స్ జరుగుతాయి, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని వ్యాసం చదవడం, తిట్లు తినడం అన్నీ అక్కడే, కాబట్టి వాళ్లకి కాలేజీ అంటే ప్రాణం. మాకు క్లాసులు డిపార్ట్‌మెంట్‌లో, పరీక్షలు యూనివర్సిటీవి, థీసిస్ గైడ్ ఎక్కడో ల్యాబులో. కాలేజీ ఇచ్చేది ఒక గది, ఒక భోజనాల హాలు, ఒక కాలేజీ అడ్వైజర్, అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకునే నలుగురు స్నేహితులు. అదీ ఎనిమిదేసి వారాల మూడు టర్ములు, ఆ పైన థీసిస్ రాసే వేసవి, అంతే. ఆ ఒక్క ఏడాది జ్ఞాపకాన్ని పట్టుకుని ముప్పై ఏళ్లపాటు మనిషిని వదలకుండా ఉండాలి, సమయం వచ్చినప్పుడు డబ్బు అడగాలి. ఈ ఉద్యోగం నాకిస్తే వారంలో పారిపోతాను.

పైగా అడిగేది వీళ్లొక్కరే కాదు. యూనివర్సిటీ అడుగుతుంది, డిపార్ట్‌మెంట్ అడుగుతుంది, స్కాలర్‌షిప్ ఇచ్చిన సంస్థ అడుగుతుంది, వీళ్లందరి తర్వాత కాలేజీ. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే నాలుగు చోట్ల నుంచీ ఒకే రకం ఫొటోతో, అంటే పచ్చగడ్డి, పాత రాయి, నవ్వుతున్న ముగ్గురు విద్యార్థులు, మెయిళ్లు వచ్చి పడతాయి. ఎవరికి ఇస్తే ఎక్కడికి పోతుందో అర్థం కాదు. మా కాలేజీ మెయిల్లో ఆ తేడా ఒక్క లైన్లో చెప్పొచ్చు, "డిపార్ట్‌మెంట్‌కి ఇస్తే పరిశోధనకి, మాకిస్తే పిల్లల అద్దెకి, భోజనానికి, ఆపదకి" అని. ఆ లైన్ నేను ఇంతవరకూ చూడలేదు. సిస్టమ్‌కి మార్కులు తగ్గడానికి మొదటి కారణం ఇదే.

పీజీ వాళ్లు ఏమిస్తారులే, ఏడాది ఉండి పోయినవాళ్లు అనే మాట అక్కడ కూడా వినిపిస్తుంది. దానికి జవాబు మన బాపట్లలోనే ఉంది. అక్కడ పుట్టిన పారిశ్రామికవేత్త కృష్ణ చివుకుల ఐఐటీ మద్రాసులో బీటెక్ చదవలేదు, అది బొంబాయిలో చదివారు. మద్రాసులో చేసింది ఎంటెక్, 1970లో. ఆయన 2024లో ఆ మద్రాసు ఐఐటీకే 228 కోట్ల రూపాయలు ఇచ్చారు, ఆ సంస్థకి ఒక్క మనిషి నుంచి అంతవరకూ అంత పెద్ద విరాళం రాలేదు. మధ్యలో 54 ఏళ్లు! ఆ 54 ఏళ్లలో ఎంతమంది డైరెక్టర్లు మారారో, ఎన్ని ఉత్తరాలు వెళ్లాయో, ఆ దారం తెగిపోకుండా ఎవరు పట్టుకున్నారో, ఆ పనే ఈ ఆఫీసుల పని. పీజీ చదివినవాడికి ప్రేమ తక్కువేం కాదు, అతన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

ఆక్స్‌ఫర్డ్ పీజీ కాలేజీల చరిత్ర చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. చాలావాటి పునాది డబ్బు పాత విద్యార్థులది కాదు, బయటివాళ్లది. సెయింట్ ఆంటోనీస్ 1950లో మొదలైంది ఏడెన్ రేవులో వ్యాపారం చేసిన ఫ్రెంచి మనిషి ఆంటోనిన్ బెస్ ఇచ్చిన డబ్బుతో. వుల్ఫ్‌సన్‌కి 1966లో వుల్ఫ్‌సన్ ఫౌండేషన్, ఫోర్డ్ ఫౌండేషన్ కలిసి ఇచ్చాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన సిసిల్ గ్రీన్ పేరుతో గ్రీన్ కాలేజీ వచ్చింది, అది 2008లో టెంపుల్టన్‌తో కలిసిపోయింది. రూలీ హౌస్ కాస్తా 1994లో కెలాగ్ అయింది. పార్క్స్ కాలేజీ అని పేరు పెట్టుకున్నది 2020లో 8 కోట్ల పౌండ్లు రాగానే రూబెన్ కాలేజీ అయిపోయింది. పాత కాలేజీలకి శతాబ్దాల నాటి భూములూ అద్దెలూ ఉన్నాయి, వీటికి అవేం లేవు కాబట్టి పేరు అమ్ముకోక తప్పదు అంటారు. నాకు పెద్ద అభ్యంతరం లేదు. మన గుడిలో ఫ్యాను రెక్కల మీద కూడా "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది, గాలి మాత్రం అందరికీ తగులుతుంది.

కానీ లినాకర్ కథ ప్రతి డెవలప్‌మెంట్ డైరెక్టరూ గోడకి అంటించుకోవాల్సింది. 2021 చివర్లో వియత్నాంకి చెందిన సోవికో గ్రూపుతో ఒప్పంద పత్రం మీద సంతకమైంది, మొత్తం 15.5 కోట్ల పౌండ్లు, మొదటి విడత 5 కోట్లు చేతికి రాగానే కాలేజీ పేరు ఆ సంస్థ అధినేత్రి పేరు మీద థావో కాలేజీగా మార్చడానికి ప్రివీ కౌన్సిల్ (బ్రిటన్ రాచరిక సలహా మండలి) అనుమతి అడుగుతామన్నారు. పేపర్లన్నీ రాశాయి, పాత విద్యార్థులు కొందరు సంతోషించారు, కొందరు మండిపడ్డారు. తర్వాత ఆ డబ్బే రాలేదని వార్తలొచ్చాయి. కాలేజీ ఇప్పటికీ ఆ పాత వైద్యుడు థామస్ లినాకర్ పేరుతోనే ఉంది. డబ్బు బ్యాంకులో పడకముందే పేరు ప్రకటిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మాలాంటి చిన్న దాతలకి దీనివల్ల వచ్చే నష్టం వేరే ఉంది: అక్కడ కోట్ల మాటలు నడుస్తుంటే నా 50 పౌండ్లు ఎవడిక్కావాలి అనిపిస్తుంది.

ఎవరిక్కావాలో తెలిసింది ఒక కార్డు వల్ల. మా కాలేజీకి హార్డ్‌షిప్ ఫండ్ ఒకటుంది, మధ్యలో డబ్బుకి ఇబ్బంది పడ్డ విద్యార్థులకి ఇచ్చేది. నేను ఇచ్చింది దానికే. కొన్ని నెలల తర్వాత పోస్టులో కార్డు వచ్చింది, నీలం ఇంకు, వంకర టింకర చేతిరాత, చివర్లో జాగా చాలక అక్షరాలు పక్క మార్జిన్‌లోకి ఎక్కించి రాసింది. ఫండ్ సాయం అందుకున్న ఒక అమ్మాయి రాసింది అది, పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ల్యాప్‌టాప్ పాడైపోయిందట, ఫండ్ నుంచి వచ్చిన డబ్బుతో కొత్తది కొనుక్కుని థీసిస్ టైముకి ఇచ్చానని రాసింది. అంతే, ఇంకేం లేదు, "మీ ఔదార్యం" లాంటి మాటలు ఒక్కటీ లేవు. ఆ కార్డు రాయించాలన్న ఆలోచన ఎవరిదో గానీ, కాలేజీ ఏటా పంపే మెరుపు కాగితం మ్యాగజైన్ మొత్తం చేయలేని పని ఆ ఒక్క కార్డు చేసింది.

ఫోన్ కాల్స్ సంగతి. ఏటా కొన్ని వారాలు ప్రస్తుత విద్యార్థుల చేత పాతవాళ్లకి ఫోన్లు చేయిస్తారు. లండన్‌లో ఉన్నప్పుడు నాకు వచ్చేది. పది నిమిషాలు బాగుంటుంది, హాస్టల్ వంటగది ఇంకా అలాగే కంపు కొడుతోందా, బార్‌లో ధరలెంత, ఇవన్నీ. ఆ తర్వాత గొంతు మారుతుంది, స్క్రిప్టు మొదలవుతుంది. ముందు పెద్ద అంకె చెప్తారు, మనం నసిగితే సగానికి దిగుతారు, ఇంకా నసిగితే నెలకి కాఫీ ఖర్చంత అంటారు. బేరం మనకి కొత్తేం కాదు గానీ, పాపం ఇరవై మూడేళ్ల పిల్లాడి చేత బేరమాడించడం నాకు నచ్చలేదు. ఇష్టం లేకపోతే ఒక్క మెయిల్ చాలు, నేను ఫోన్లు వద్దన్న తర్వాత మళ్లీ ఒక్కటీ రాలేదు. ఇందులో వాళ్ల మంచితనంతో పాటు చట్టం భయం కూడా ఉంది. దాతల ఆస్తిపాస్తులు వాళ్లకి చెప్పకుండా ఆరా తీసినందుకు 2016, 2017లో బ్రిటన్‌లో పెద్ద పెద్ద ఛారిటీలకే సమాచార కమిషనర్ (అక్కడ జనం వ్యక్తిగత సమాచారానికి కాపలా ఉండే అధికారి) జరిమానాలు వేశారు, ఫండ్‌రైజింగ్ రెగ్యులేటర్ అనే సంస్థ కూడా 2016లోనే వచ్చింది. మన నంబరు లోన్ యాప్ వాళ్ల దాకా వెళ్లిపోయే దేశంలో ఉండి చూస్తే ఇది స్వర్గం.

ఇప్పుడు డబ్బు పంపే బాధ. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లకి చాలా సులువు, గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెడితే మీరిచ్చిన 100 పౌండ్లకి కాలేజీ ప్రభుత్వం నుంచి మరో 25 తెచ్చుకుంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి అమెరికన్స్ ఫర్ ఆక్స్‌ఫర్డ్ అనే సంస్థ ఉంది, దాని ద్వారా ఇస్తే అక్కడ పన్ను మినహాయింపు వస్తుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు గమనించండి. ఇండియాలో ఉన్నవాడికి మాత్రం ఏమీ లేదు. విదేశీ యూనివర్సిటీకి ఇస్తే 80జీ పన్ను మినహాయింపు రాదు. ఆర్‌బీఐ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు, దానికి మనకి ఢోకా లేదు, మనం పంపేది 50 పౌండ్లు. సమస్యల్లా బ్యాంకు నుంచి పంపితే ఛార్జీలు అందులో మంచి ముక్కే కొరికేస్తాయి, పోనీ కార్డుతో ఇద్దామంటే కాలేజీ పేజీలో పోస్ట్‌కోడ్ గడి మన పిన్ కోడ్‌ని ఒప్పుకోదు. 500తో మొదలయ్యే ఆరంకెలు వేస్తే ఎర్రగా "సరైన పోస్ట్‌కోడ్ ఇవ్వండి" అంటుంది. డబ్బిస్తానన్నవాణ్ణి గుమ్మంలో ఆపే షాపు ఇదొక్కటే చూశాను. చివరికి పాత లండన్ అడ్రసు వేసి పంపాల్సి వచ్చింది, దాంతో ఆ ఏటి మ్యాగజైన్ ఆ ఇంట్లో ఇప్పుడున్న వాళ్లెవరికో వెళ్లింది.

పేర్ల గోల ఇంకోటి. మన ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో ఒకలా, అప్లికేషన్‌లో ఒకలా పడుతుంది, వాళ్ల డేటాబేస్‌లో మూడోలా. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం "డియర్ మిస్టర్ వెంకట" అని ఉంటాయి. నా పేరులో వెంకట నిజమే, కానీ ఆ పేరుతో నన్ను పిలిచే హక్కు మా అమ్మమ్మకి తప్ప ఎవరికీ లేదు. దాతల జాబితా అక్షరక్రమంలో వేస్తే నా పేరు ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. రాసి పంపితే ఒక్క రోజులో సరిచేశారు, క్షమాపణ కూడా చెప్పారు. తర్వాతి ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వెంకట తిరిగొచ్చాడు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎందుకొచ్చిందంటే కొత్త డైరెక్టర్ వచ్చారు. ఈ రంగంలో జనం కొన్నేళ్లకోసారి మారిపోతుంటారు, వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఒక సర్వే పంపుతారు, తర్వాత మ్యాగజైన్ డిజైన్ మారుస్తారు, ఆ తర్వాత ఒక పెద్ద లక్ష్యం ప్రకటిస్తారు, అది పూర్తయ్యేలోపు ఇంకో కాలేజీకి వెళ్లిపోతారు. మనం చెప్పింది మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇప్పుడున్నావిడ మాత్రం వేరే. వచ్చిన తొలి ఏడాది డబ్బు అడుగుతూ ఒక్క ఉత్తరం పంపలేదు. ఇండియా టూర్ అని ఢిల్లీ, ముంబై, బెంగళూరు పెట్టారు, హైదరాబాద్ లేదు, ఎప్పుడూ ఉండదు. మేమిక్కడ కొంతమందిమి ఉన్నాం అని రాస్తే మధ్యలో ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని వచ్చారు. ఫైవ్ స్టార్ హాలేం కాదు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మేం పది మందిలోపే. ప్రెజెంటేషన్ లేదు, ల్యాప్‌టాప్ తెరవలేదు, ఒక్కొక్కరినీ "మీరు ఏ గదిలో ఉండేవారు, ఎవరితో భోంచేసేవారు" అని అడిగి చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వరంగల్ నుంచి వచ్చిన ఒక సీనియర్ తన గది కిటికీ గురించే అరగంట మాట్లాడారు. ఆ సాయంత్రం డబ్బు ఊసే రాలేదు, ఆ తర్వాత మాలో ఇద్దరు ప్రతి ఏడాదీ ఇవ్వడం మొదలుపెట్టారు. గుంటూరు నుంచి కొత్తగా సీటొచ్చిన అమ్మాయిని మా గ్రూపుతో కలిపింది కూడా ఆవిడే, వింటర్ కోటు అక్కడే కొనుక్కో, ప్రెషర్ కుక్కర్ మాత్రం ఇక్కణ్ణుంచే తీసుకెళ్లు అని మేం చెప్పగలిగాం. ఆ నాలుగున్నర మార్కులు ఇందుకే.

వెళ్లబోయేవాళ్లకి, ఇప్పుడు అక్కడున్నవాళ్లకి ఒక మాట. కోర్సు అయ్యాక కొన్నాళ్లకి ఆక్స్‌ఫర్డ్ మెయిల్ ఆగిపోతుంది, ఆలోపే కాలేజీకి మీ సొంత మెయిల్ ఇచ్చేయండి, లేకపోతే మిమ్మల్ని వెతికే నాథుడుండడు. అలమ్నై కార్డు తీసుకోండి, డబ్బులేం పెట్టక్కర్లేదు, తర్వాత అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు గేటు దగ్గర పనికొస్తుంది. మా కాలేజీలోలా పాత విద్యార్థుల్ని భోజనానికి రానిస్తారేమో కనుక్కోండి, రానిస్తే వదులుకోకండి, శాకాహారం అని ముందే చెప్తే చాలు. డబ్బివ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం, ఇవ్వనివాళ్లని వీళ్లు చిన్నచూపు చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఇస్తే మాత్రం ఏ ఫండ్‌కి ఇస్తున్నారో రాసి ఇవ్వండి.

పోస్ట్‌కోడ్ గడి గురించి మళ్లీ రాశాను, ఐటీ వాళ్లకి చెప్పామన్నారు. అది బాగుచేస్తే ఇక్కడికే వచ్చి ఇంకో అర స్టారు కలుపుతాను.