పంక్తి మర్యాద తెలిసిన హోటలు, ఒక్క లోపంతో

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మేనమామగారి కుటుంబంతో కలిసి తొమ్మిది మందిమి రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక శాకాహార హోటలులో విస్తరి భోజనం చేశాం. వంట సంగతి క్లుప్తంగా చెప్పాలంటే ముద్దపప్పు, గుత్తివంకాయ కూర బాగున్నాయి, చారులో మిరియం ఘాటే తప్ప రుచి లేదు. చెప్పుకోవలసినది వడ్డన గురించి.

అందరి విస్తళ్ళలోనూ అన్నం పడేదాకా ఎవరూ కలుపుకోకపోవడం మన పంక్తి మర్యాద. హోటళ్ళలో అది సాగకపోవడానికి సగం కారణం వడ్డించేవారే. ఒకరికి పెరుగు వచ్చే వేళకు మరొకరికి పప్పయినా అందదు. ఇక్కడ మాత్రం ఆకు కొసలు ఎడమవైపు ఉండేలా పరిచి, కూర, పచ్చడి, పప్పు అందరికీ వేసిన తరువాతే, పెద్దవారైన మామయ్యగారితో మొదలుపెట్టి అన్నం వడ్డించారు. ఆయన నెయ్యి కలుపుకునేదాకా పిల్లలు సైతం ఆగారు.

ఆవకాయ జాడీలు బల్లలమీదే ఉంటాయి. పక్క బల్ల దగ్గర ఒకాయన తింటున్న చేత్తోనే చెంచా పట్టుకోగా, దాని కాడకు పప్పు మెతుకులు అంటుకున్నాయి. వడ్డించే అబ్బాయి ఒక్క మాటా అనకుండా ఆ జాడీని తీసుకువెళ్ళి మరొకటి తెచ్చిపెట్టాడు. ఎంగిలి పట్టింపును చాదస్తమనేవారు అనవచ్చు గాని, నేనైతే ఆ చెంచా ముట్టను. చేయి ఎంగిలైనప్పుడు పక్కవారిని కాస్త వేయమని అడిగితే సరిపోతుంది.

లోపమల్లా ఒక్కటే: ఖాళీ కోసం చూసేవారిని భోజనాల గదిలోకే రానిస్తారు. మా అత్తయ్యగారు పెరుగన్నం తింటూండగా ఒకతను వచ్చి ఆవిడ కుర్చీమీద చేయి వేసి నిలబడ్డాడు. ఆఖరివారు ముగించేదాకా లేవకూడదని మామయ్యగారు ఖాళీ ఆకు ముందు కూర్చునే ఉన్నా, ఆవిడ మొహమాటపడి సగం అన్నం వదిలేసి ఆకు మడిచేశారు. బయట వరండాలో రెండు బెంచీలు వేసి, వరుసగా పేర్లు పిలిస్తే తీరిపోయే ఇబ్బంది ఇది. పెద్దవారితో వెళ్ళదలచినవారు పన్నెండు గంటలకే వెళ్ళి కూర్చోవడం మంచిది. మేము చేరేసరికి ఒంటిగంట దాటింది.