పీఐసీయూకి ఐదు స్టార్లు, డిశ్చార్జి తర్వాత సర్వీసుకి ఒకటిన్నర

హైదరాబాద్‌లో పిల్లల ఆసుపత్రుల రివ్యూలు చదివితే అన్నీ ఒకేలా ఉంటాయి. డాక్టర్ దేవుడు, బిల్లు దోపిడీ, పార్కింగ్ లేదు, క్యాంటీన్‌లో ఇడ్లీ చల్లారిపోయింది. ఏదీ అబద్ధం కాదు. కానీ వెంటిలేటర్ మీద నుంచి దిగి ఇంటికొచ్చిన పిల్ల ఆ తర్వాత ఎలా ఎదిగింది, చెవులు ఎవరైనా చూశారా, స్కూల్లో ఎలా నెట్టుకొస్తోంది అనేది ఒక్కరూ రాయరు. ఎలా రాస్తారు, రివ్యూ పెట్టేదే డిశ్చార్జి అయిన వారంలో కదా. నేను కొన్నేళ్ళు ఆగి రాస్తున్నాను. ఆసుపత్రి పేరు చెప్పను, ఇది ఒక్క ఆసుపత్రికి పట్టిన జబ్బు కాదు, వేరే చోట్ల చూపించుకున్న మా చుట్టాలదీ, కొలీగ్స్‌దీ ఇదే కథ.

ముందు మంచి చెప్పుకుందాం. మా పాపకి ఎనిమిదో నెలలో న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. ఆ పీఐసీయూకి, అంటే పిల్లల ఐసీయూకి, నిండుగా ఐదు స్టార్లు. ఒక రాత్రి ఆక్సిజన్ నిలబడక, ఊపిరితిత్తుల పని మెషీన్‌తో చేయించే ఎక్మో మాట వచ్చినప్పుడు, డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇంత చిన్న పిల్లలకి ఎక్కువగా మెడలో ఉండే రక్తనాళాల్లోకే గొట్టాలు వేస్తారని, రక్తం బయట మెషీన్‌లో ఆక్సిజన్ పట్టుకుని మళ్ళీ ఒంట్లోకి వస్తుందని, గొట్టాల్లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారని, దానివల్ల మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు ఉంటుందని, అలాగని హెపారిన్ చాలకపోతే గడ్డ వెళ్ళి స్ట్రోక్ రావచ్చని, అందుకే మాడు ఇంకా పూడని పిల్లలకి అక్కడి నుంచే తలకి స్కానింగ్ తీసి చూస్తుంటారని. భయం వేసింది కానీ మా దగ్గర ఏదో దాస్తున్నారని మాత్రం అనిపించలేదు. అదృష్టం, ఎక్మో దాకా వెళ్ళలేదు.

గొట్టం తీశాక పాప నా వైపు చూడటం మానేసింది. ఎత్తుకుంటే ఆగని ఏడుపు, లేదంటే పైకప్పు చూస్తూ ఉండిపోవడం. అత్తయ్యేమో "దిష్టి తగిలిందే, ఇంటికి రాగానే తీద్దాం" అని ఒకటే గొడవ. ఇక్కడ ఆ ఐసీయూ పనితనం చూడాలి. సిస్టర్ షిఫ్టుకోసారి ఒక షీటు నింపేది, అందులో మొదటి ప్రశ్నే పిల్ల మనిషి కళ్ళలోకి చూస్తోందా అని. దీన్ని డెలీరియం అంటారని, జబ్బు తీవ్రత, నిద్ర చెడటం, మిడజోలం లాంటి మత్తుమందులు అన్నీ కలిసి తెచ్చిపెడతాయని చెప్పారు. మందులు ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు, రాత్రి లైట్లు ఆర్పించారు, నన్ను విజిటింగ్ టైమ్‌తో పనిలేకుండా పక్కనే ఉండనిచ్చారు. కొద్ది రోజుల్లోనే కళ్ళు కలిపింది. దిష్టి కూడా తీశాం లెండి.

ఇక డిశ్చార్జి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర చూపించిన చురుకు ఇంకెక్కడా చూపించలేదు. సమ్మరీలో ఎక్స్‌రేలు, కల్చర్ రిపోర్టులు పేజీలకు పేజీలు ఉన్నాయి, మెదడు గురించి ఒకే ఒక్క లైను, నాడీ సంబంధమైన లోపాలేవీ లేవని. కాళ్ళూ చేతులూ ఆడిస్తోంది కాబట్టి రాసేశారన్నమాట. అమికాసిన్, లాసిక్స్ వాడినట్టు ఆ సమ్మరీలోనే ఉంది. రెండూ వినికిడిని దెబ్బతీయగల మందులే, అయినా వినికిడి పరీక్ష ఊసే లేదు. రివ్యూకి వెళితే స్టెతస్కోప్ పెట్టి, బరువు తూచి, లంగ్స్ క్లియర్ అన్నారు. ఎదుగుదల సంగతేంటి సార్ అంటే "బాగానే ఉందమ్మా, గూగుల్ చూడటం మానేయండి" అని నవ్వారు. ఆ నవ్వుకే సగం స్టార్ కోశాను.

మానేయలేదు, చదివాను. బ్రిటన్‌లో 1990లలో 185 మంది పసికందుల మీద ఎక్మో ట్రయల్ జరిగింది, ఎక్మో గుంపులోనే ఎక్కువ మంది బతికారు. నాకు నచ్చిందేంటంటే వాళ్ళు బతికిన లెక్క రాసుకుని ఊరుకోలేదు, పిల్లలకి ఏడేళ్ళు వచ్చాక మళ్ళీ పరీక్షలు చేశారు. 76% మంది తెలివితేటలు మామూలు స్థాయిలోనే ఉన్నాయి, మంచి మాటే. కానీ నేర్చుకోవడంలో ఇబ్బందులు, పోనుపోను పెరిగే వినికిడి లోపం, ఇవి ఎక్మో తీసుకున్న వాళ్ళలోనూ తీసుకోని వాళ్ళలోనూ కనిపించాయి. అంటే మెషీన్‌ని తిట్టి లాభం లేదు, అంత సీరియస్ జబ్బు దాటి వచ్చిన ప్రతి పిల్లనీ తర్వాత కూడా చూస్తూ ఉండాలి. అమెరికాలో 2022లో వచ్చిన ఇంకో స్టడీ అచ్చం మా కేసే, వెంటిలేటర్ మీద ఉండి వచ్చిన పిల్లల్ని వాళ్ళ సొంత తోబుట్టువులతో పోల్చారు, అదీ డిశ్చార్జి నాటికి పెద్ద లోపమేమీ లేని పిల్లల్ని. సగటు ఐక్యూ 101.5, తోబుట్టువులది 104.3. ఇంత చిన్న తేడాకి టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడంలో, వేళ్ళతో చేసే సున్నితమైన పనుల్లో కొంచెం వెనకబడ్డారు. గుండె ఆగి బతికి బయటపడిన పిల్లల లెక్క వేరు, అది చాలా కఠినమైన లెక్క, దీనితో కలిపి చూసి భయపడకండి.

వేళ్ళ దగ్గరే మాకూ తగులుకుంది. యూకేజీలో యూనిఫాం గుండీ పెట్టుకోలేదు, పెన్సిల్ పట్టుకుంటే రెండు లైన్లకే చెయ్యి విదిలిస్తుంది. వెంటిలేటర్ వల్లే అని నేను చెప్పలేను, మామూలు పిల్లల్లో కూడా ఉంటుంది. చూపించాలి అంతే. మా పాలసీలో ఓపీ ఖర్చులు రావు, ప్రైవేటు థెరపీకి సెషన్‌కింత అని కట్టుకుంటూ పోలేక మా జిల్లా ఆసుపత్రిలో ఉన్న డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే పట్టి థెరపీ ఇచ్చే సెంటర్‌కి, వెళ్ళాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సెంటర్ అది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా, అంతా ఉచితం. దీనికి నాలుగు స్టార్లు.

ఎందుకంటే అక్కడి థెరపిస్ట్ మేడం పాప ముందు ఒక ట్రేలో పూసలూ, షూ లేసూ పెట్టి, ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. పాప పూస చిల్లులోకి లేసు దూర్చలేక చివరికి లేసు కొన నోట్లో పెట్టుకుని తడిపి ఎక్కించాలని చూసింది. ఆవిడ వేళ్ళ జోలికే పోలేదు, గాల్లో వేలాడుతున్న కాళ్ళ కింద చిన్న స్టూల్ జరిపింది, మోచేతులు టేబుల్ మీద ఆనేలా కుర్చీ దగ్గరికి లాగింది. వెంటనే రెండు పూసలు ఎక్కాయి. నడుము నిలబడకపోతే వేళ్ళు ఎలా నిలబడతాయమ్మా అంది. ఇంటికి ఇచ్చిన పని కూడా కొనే సామాను ఏమీ లేకుండానే, పెసలూ శనగలూ కలిపి ఏరించడం, చపాతీ పిండి పిసికించడం, తీగ మీద బట్టలకి క్లిప్పులు పెట్టించడం. క్లిప్పులు ఇప్పుడు పాప డిపార్ట్‌మెంటే, నన్ను ముట్టుకోనివ్వదు.

ఒక స్టార్ తగ్గించింది వేరే వాటికి. మేం వెళ్ళినప్పుడు ఆడియాలజిస్ట్ పోస్టు ఖాళీ, బెరా అనే వినికిడి టెస్ట్ బయట డబ్బులు కట్టి చేయించుకున్నాం, నార్మల్ వచ్చింది, ఒకటో తరగతికి ముందు మళ్ళీ చేయించమన్నారు. సైకాలజిస్ట్ రోజూ ఉండరు. బాత్‌రూమ్ గురించి రాయకపోవడమే మర్యాద.

వెళ్ళేవాళ్ళు డిశ్చార్జి సమ్మరీ ఒక జిరాక్స్ తీసుకెళ్ళండి, ఒరిజినల్ ఇచ్చేయకండి. వెంటిలేటర్ ఎన్ని రోజులు, ఏ మందులు వాడారు అన్న పేజీ పైన పెట్టండి, వాళ్ళు ముందు అదే అడుగుతారు. ఓపీ చీటీ పొద్దున్నే రాయించుకుంటే మధ్యాహ్నం లోపు బయటపడొచ్చు. తెలివితేటల పరీక్షలు, స్పెషల్ ఎడ్యుకేషన్ కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మాకు ఆ అవసరం రాలేదు కాబట్టి దానికి స్టార్లు ఇవ్వడం లేదు.