నిలువు సంచి తోట: ఏడాది వాడాక నా మాట

ప్రతి ఆదివారం ఒక అనాథ బాలల గృహానికి వెళ్లి మొక్కల పని చూస్తుంటాను. అక్కడ 26 మంది పిల్లలున్నారు. మట్టి నేల అడుగు కూడా లేదు, ఉన్నదంతా సిమెంటు వాకిలి. ఆ వాకిట్లోనే ఆకుకూరలు పండించాలని నిరుడు ఏడు నిలువు సంచులు తెప్పించాం. ఆరు పిల్లలకు, ఒకటి ఇద్దరు బిడ్డలతో ఒంటిగదిలో అద్దెకుంటున్న ఒక తల్లికి.

సంచి 16 అంగుళాల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. చుట్టూ జేబుల్లాంటి కోతలు, మధ్యలో నిలబెట్టడానికి రంధ్రాలున్న ప్లాస్టిక్ గొట్టం. పీట వేసేంత చోటులో పైన, పక్కల కలిపి నలభై మొక్కలు పడతాయి. జానెడు జాగా కూడా లేనివాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు.

కొనేముందు బరువు సంగతి తెలుసుకోండి. సంచిలో దాదాపు 120 లీటర్ల మట్టి పడుతుంది. తడిస్తే ఒక్కోటి 150 కిలోలు దాటుతుంది. అట్టపెట్టె మీద మిద్దెపై వరుసగా పెట్టిన సంచుల బొమ్మ వేశారు గానీ బరువు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇది నాకు చాలా కోపం తెప్పించింది. ఆరు సంచులంటే తొమ్మిది వందల కిలోల పైమాటే. పిల్లలు పడుకునే గది కప్పు మీద అంత బరువు పెట్టడానికి మనసొప్పలేదు. వాకిట్లోనే గోడవారగా, ఎండ తగిలే వైపు పెట్టాం. మిద్దె మీదే పెట్టదలిస్తే ముందు ఇంజనీరుకు చూపించండి.

ఇక ఆ గొట్టం. మొదటి మూడు వారాలు అంతా బాగానే ఉంది. తర్వాత పైనున్న పాలకూర పచ్చగా నిగనిగలాడుతుంటే కింది జేబుల్లో నారు తలలు వాల్చేసింది. రోజూ నీళ్లు పోసే తొమ్మిదేళ్ల పాప నన్ను చేయి పట్టుకుని లాక్కెళ్లి, "అక్కా, నీళ్లు దిగట్లేదు, చూడండి" అంది. గొట్టంలో చెంబెడు నీళ్లు పోసి ఇద్దరం వంగి చూశాం. నీళ్లు అద్దంలా నిలిచిపోయాయి. పైకి లాగి చూస్తే బియ్యపుగింజంత రంధ్రాలన్నీ మట్టితో పూడుకుపోయాయి. కడిగి పెడితే పది రోజులకు మళ్లీ అదే తంతు.

అప్పుడే నైరోబీలోని కిబేరా బస్తీ సంచి తోటల గురించి చదివింది గుర్తొచ్చింది. 2008లో సాలిడారితే ఇంటర్నేషనల్ అనే ఫ్రెంచి సేవాసంస్థ అక్కడి పేద కుటుంబాలకు నారు ఇచ్చి సంచుల్లో కూరలు పెంచే పనిని విస్తరించింది. వాళ్ల సంచుల్లో గొట్టం ఉండదు, రాళ్లుంటాయి. మూతా అడుగూ తీసేసిన డబ్బాను సంచి మధ్యలో నిలబెట్టి, లోపల గులకరాళ్లు, చుట్టూ మట్టి నింపుతారు. డబ్బాను మెల్లగా పైకి జరిపి మళ్లీ నింపుతారు. అలా పైదాకా వెళ్లేసరికి సంచి నడుమ ఒక రాళ్ల స్తంభం తయారవుతుంది. పైన పోసిన నీళ్లు రాళ్ల సందుల్లోంచి జారుతూ అన్ని ఎత్తుల్లోనూ మట్టిని తడుపుతాయి. మేమూ అదే చేశాం. పిల్లలు రాళ్లు ఏరి, కడిగి, వరుసకట్టి అందించారు. నెల తిరిగేసరికి అట్టడుగు జేబులో తోటకూర కోతకొచ్చింది. ఆ పూట ఆ పాప ముఖం చూసి తీరాలి.

దిగుబడి విషయంలో ఎవరూ అతిగా ఆశపెట్టుకోకూడదని నా మనవి. ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు రోజుకు కనీసం 350 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన 26 మందికి రోజుకు తొమ్మిది కిలోలు కావాలి. మా ఆరు సంచులు కలిసి మంచి వారంలో ఇచ్చింది మూడు కిలోలు. అయినా వారానికి రెండు పూటలు పళ్లెంలో అప్పుడే కోసిన ఆకుకూర ఉంటోంది. విరాళాల్లో బియ్యం, పప్పు వస్తాయి. ఆకుకూర ఎవరూ తీసుకురారు, అది నిలవ ఉండదు కదా. ఆ లోటును ఈ సంచులే కొంత తీరుస్తున్నాయి. పక్క జేబుల్లో ఆకుకూరలే వేయండి. టమాటా, మిరప పైనే బాగుంటాయి. దుంపలకు ఇది పనికిరాదు. రోడ్డు పక్క మట్టి, పాత గోడల రంగు రాలిన చోటి మట్టి తేవద్దు, అందులో సీసం ఉండే ప్రమాదముంది.

గుడ్డ మాత్రం మెచ్చుకోదగ్గది. మామూలు ధాన్యపు సంచి ఎండకు కొన్ని నెలల్లోనే పొడిపొడిగా రాలుతుంది. ఇది ఏడాది ఎండలోనూ చిరగలేదు. పిడుల కుట్టు మాత్రం నాసిరకం. ఒక్క వరుస కుట్టే వేశారు. సగం నింపిన సంచిని జరపబోతే ఒక పిడి ఊడొచ్చింది. పక్కన పిల్లాడు లేకపోబట్టి సరిపోయింది. మేము మందపాటి దారంతో అన్నింటికీ మళ్లీ కుట్లు వేశాం. గొట్టాన్ని తీసేసి, పిడులు గట్టిగా కుట్టి అమ్మితే ఇంకో పది కొంటాను. ప్రస్తుతానికి ఐదింటికి మూడున్నర ఇస్తాను.

ఏడో సంచి ఆ తల్లి గుమ్మం పక్కన ఎనిమిది నెలలుంది. కిందటి నెల ఆమె ఇల్లు ఖాళీ చేయాల్సివచ్చింది. వెళ్లేముందు కూరంతా కోసి చుట్టుపక్కల ఇళ్లకు పంచింది. మట్టిని పక్కింటివాళ్ల కుండీల్లో పోసింది. సంచిని కడిగి, ఆరబెట్టి, చాపలా చుట్టి చంకన పెట్టుకుంది. గులకరాళ్లను చిన్నమ్మాయి బడిసంచిలో మోసుకెళ్లింది. కొత్త ఇంట్లో నీళ్ల కుళాయి కాస్త దూరమట. వచ్చే ఆదివారం నారు పట్టుకుని వెళ్తున్నాను.