సిరొంచ చుట్టూ రెండున్నర రోజులు: ఏనుగులు, రాతి మానులు, ఒక లాడ్జి

మహారాష్ట్రలో సిరొంచ అవతల ఉన్న కమలాపూర్ ఏనుగుల క్యాంపు గేటు దాకా పోయి వెనక్కి తిరిగొచ్చిన చరిత్ర మాది. పోయిన ఏడు జనవరిలో పిల్లల్ని, అమ్మను వెంటేసుకుని మంచిర్యాల నుంచి అంత దూరం పోతే, ఏనుగులకు వైద్యం నడుస్తోంది, చూడటానికి లేదన్నారు. ఏటా చలికాలంలో కొన్నాళ్లు వాటి పాదాలకు మూలికలు వేసి కాచిన మందు వేడివేడిగా అద్దుతారట. దాన్ని అక్కడివాళ్లు చోపింగ్ అంటారు. అన్నాళ్లూ సందర్శకులకు సెలవు. తప్పు మాదే, ఒక ఫోన్ చేసి అడిగితే తెలిసేది. మా చిన్నోడు సిరొంచ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

అందుకే ఈసారి ఫిబ్రవరి చివర పెట్టుకున్నాం. ఎండ ఇంకా ముదరలేదు, మోదుగులు పూసి ఉన్నాయి. మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటితే సిరొంచ. రెండు గంటల దారి. వంతెన దాటగానే బోర్డులు మరాఠీలోకి మారతాయి, మనుషులు మాత్రం తెలుగులోనే ఉంటారు. కిరాణా కొట్లో బేరం, బస్టాండులో తగాదా, అన్నీ మన భాషే. మా అక్కను ఇచ్చింది ఈ ఊరికే. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ కోపమొస్తే తెలుగు, ఆఫీసు కాగితాలకు మరాఠీ.

అక్క ఇంట్లో ఆ రోజు బావగారి తరఫు చుట్టాలు ఉండటంతో మొదటి రాత్రి లాడ్జిలో దిగాం. దాని పేరు చెప్పను గానీ అనుభవం చెప్తాను. గదికి 900 అన్నారు, వేడి నీళ్లు ఉంటాయన్నారు. పొద్దున నాలుగున్నరకు అడిగితే ఆరు తర్వాతే అన్నాడు కుర్రాడు. మేము బయల్దేరేదే ఐదుకు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. దోమల సంగతి రాయకపోతేనే మంచిది. రెండో రాత్రి చుట్టాలు వెళ్లిపోయారు, అక్క ఇంటి వరండాలో పడుకున్నాం, హాయిగా నిద్రపట్టింది. సిరొంచలో మీకు అక్కలు, వదినలు లేకపోతే గోదావరి వంతెన దాటి కాళేశ్వరంలో గది చూసుకోండి. అది యాత్రికుల ఊరు కనుక బసకు, భోజనానికి వెతుక్కునే పని తక్కువ. పొద్దున్నే మళ్లీ వంతెన దాటి రావడం పెద్ద కష్టమేం కాదు.

కమలాపూర్ దారి గురించి బావ ముందే హెచ్చరించాడు. "మరదలా, మీ చిన్న కారు ఇక్కడనే పెట్టుండ్రి, కింద తగుల్తది" అని జీపు మాట్లాడిపెట్టాడు. మాట విన్నందుకు మంచే జరిగింది. ఆలపల్లి రోడ్డు మీద ఒక చోట నున్నటి తారు, మరో చోట కంకర, మధ్యలో ఎర్ర దుమ్ము. అమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని కళ్లు మూసుకుంది, తెరిచింది రేపన్‌పల్లి దగ్గరే. అక్కడ మలుపు తిరిగి అడవిలోకి పోవాలి. దారిలో పోలీసులు ఆపి ఆధార్ కార్డులు చూశారు, మర్యాదగానే మాట్లాడారు. ఇది నక్సలైట్ల అలజడికి పేరుపడ్డ గడ్చిరోలి జిల్లా, చీకటి పడకముందే తిరిగి రావాలన్నది ఇక్కడి అలవాటు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

క్యాంపు అంటే ఏదో జూ లాంటిది ఊహించుకుని రావద్దు. చెట్లు, ఒక చెరువు, కొన్ని షెడ్లు, అంతే. మేము చేరేసరికి ఏనుగులు ఇంకా రాలేదు. రాత్రిపూట వాటిని మేతకు అడవిలోకి వదులుతారు. తెల్లారాక మావటివాళ్లు గొలుసు ఈడ్చిన జాడ పట్టుకుని వెతుక్కుంటూ పోయి తోలుకొస్తారు. ఒక్కోసారి దగ్గర్లోనే దొరుకుతాయి, ఒక్కోసారి గంటలు పడుతుందని అక్కడున్న పెద్దాయన చెప్పాడు. ఇక్కడి గోండుల భాష మాడియా ఆయన మాతృభాష, మాతో తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడాడు. ముప్పావు గంట అయ్యాక వెదురు పొదల అవతల గొలుసు చప్పుడు వినిపించింది. మా చిన్నోడు నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇంకా గుర్తుంది.

ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, దాని వెనక ఇంకొన్ని, వాటి కాళ్ల సందున ఒక గున్న. నేరుగా చెరువులోకి దిగాయి. స్నానం దగ్గర దగ్గర గంటసేపు. పక్కకు ఒరిగి పడుకుంటే మావటి రాయి పెట్టి రుద్దుతున్నాడు, చెవి వెనక రుద్దినప్పుడు అది కళ్లు మూసుకుంటోంది. తర్వాత ఉడికించిన మేత పెద్ద పెద్ద ముద్దలు చేసి నోట్లో పెట్టారు. అమ్మకు అది తెగ నచ్చింది. "మీరు చిన్నప్పుడు తిన్నట్టే ఉన్నదే" అంది.

మహారాష్ట్రలో అటవీ శాఖ నడిపే ఏనుగుల క్యాంపు ఇదొక్కటే అని చెప్తారు. ఒకప్పుడు ఈ అడవుల్లో కొట్టిన టేకు దుంగలు లాగటానికి పెంచిన ఏనుగులు, వాటి సంతతి ఇవి. లారీలు, యంత్రాలు వచ్చాక వాటికి ఆ పని పోయింది. 2022లో వీటిని గుజరాత్‌కు తరలిస్తారని మాట వస్తే చుట్టుపక్కల ఊళ్లు ఒప్పుకోలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు కాస్త పెరిగింది. అక్కడ బోర్డు మీద చదివినదానికంటే ఆయన్ని అడిగి తెలుసుకున్నదే ఎక్కువ. మీరు వెళ్తే ఫొటోలు కాసేపు పక్కనబెట్టి మావటివాళ్లతో మాట్లాడండి. పిల్లలకు ఏనుగును ముట్టుకోవాలని ఉబలాటం ఉంటుంది, వాళ్లు చెప్పిన దూరంలోనే నిలబెట్టండి. తొమ్మిదిలోపు చేరకపోతే సగం చూడనట్టే. నీళ్లు, తిండి మీవి మీరు తెచ్చుకోవాలి. అక్క కట్టిచ్చిన పులిహోర లేకపోతే మా పని అయిపోయేది.

అక్కడి నుంచి ఆలపల్లి. ఒక మెస్‌లో భోజనం బాగుంది, పప్పులో చింతకాయ తగిలింది. భామ్రాగడ్ రోడ్డులో కొంత దూరం పోతే 'గ్లోరీ ఆఫ్ ఆలపల్లి' అని బ్రిటిష్ కాలం నాటి పేరుతోనే పిలిచే అడవి ముక్క ఉంది. ఆరు హెక్టార్లు. గొడ్డలి తగలకుండా ఉంచిన టేకు చెట్లు. 2014లో దీన్ని రాష్ట్రంలో మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. తల పూర్తిగా వెనక్కి వంచినా కొన్నిటి కొస కనపడదు. మా ఆయనకు వడ్రంగం పని మీద ఇష్టం, ఒక్కో చెట్టు దగ్గరా ఆగి ఎన్ని ఘనపు అడుగులు వస్తుందో లెక్కలు కట్టాడు. పిల్లలకు మాత్రం పావుగంటలో విసుగొచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ అరగంట చాలనిపించింది. ఆలపల్లి దాకా వస్తే చూడండి, దీనికోసమే అంత దూరం రానక్కర్లేదు.

ఆ రోజు చూసినవాటిలో ఒక చోట మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికి పోయాడట. ఏ చోటో ఎందుకులే. అమ్మ మోకాళ్ల నొప్పులతో చెట్ల చాటుకు నడవాల్సి వచ్చింది. ముసలివాళ్లతో వచ్చేవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి.

మూడో రోజు పొద్దున వడధం శిలాజాల పార్కు. నేను ఈ యాత్రలో అసలు ఎదురుచూసింది దీనికోసమే, అమ్మ అసలు వద్దన్నదీ దీన్నే. "రాయైన కట్టెను చూసుడు ఏందే?" అంది. సిరొంచ నుంచి ఆలపల్లి రోడ్డులోనే కొంత దూరం పోయి లోపలికి తిరగాలి. చిన్న ప్రదర్శన గది, బయట చెట్ల మధ్య అక్కడక్కడ పడి ఉన్న మానులు. మొదట చూస్తే నిన్న కొట్టి పడేసిన దుంగే అనుకుంటాం. బెరడు గీతలు, కొమ్మ విరిగిన కణుపు, అన్నీ ఉన్నాయి. చెయ్యి పెడితే చల్లగా, గట్టిగా రాయి.

అక్కడి కాపలాదారు పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాడు. నది ఒండ్రులో చెట్టు కూరుకుపోయింది, గాలి తగలక కుళ్లలేదు. ఇసుకలోని సిలికా నీటితో కలిసి కణం కణంలోకి చేరి కట్టె స్థానంలో రాయై కూర్చుంది. ఆకారం మిగిలింది, కట్టె పోయింది. అమ్మ వంగి ఒక మాను మీద చెయ్యి వేసి రాసింది, గోటితో గీకింది. "ఇది మద్ది చెట్టు లెక్క ఉన్నది" అంది. మద్ది కాదు, పూలు పూసే చెట్లు ఇంకా రాని కాలం అని మా పెద్దది పాఠం చెప్పబోయింది, నేనే ఆపాను.

ఈ చుట్టుపక్కల రాతి పొరలకు కోటా అనే ఊరి పేరు పెట్టారు. ప్రాణహిత ఒడ్డునే ఆ ఊరు. జురాసిక్ కాలపు పొరలివి, పదహారు కోట్ల ఏళ్లకు పైబడినవి. సిరొంచ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర 1960, 61లో తవ్వితే రాక్షసబల్లి ఎముకలు సుమారు మూడు వందలు దొరికాయి. పోచంపల్లి అనగానే మా ఆయన "చీరలదా?" అన్నాడు. ఆ పోచంపల్లి వేరు. దొరికిన తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, మా ఆయన ఎత్తు. బెంగాలీలో పెద్ద కాలు అన్న అర్థంలో దానికి బరపాసారస్ అని పేరు పెట్టారు. అది ఠాగూర్ శతజయంతి కాలం కనుక టాగోరీ అని ఆయన పేరూ కలిపారు. అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. అంటే ఎముకలు మన పక్క ఊళ్లో, చూడాలంటే కోల్‌కతా రైలెక్కాలి.

మా చిన్నోడు ఒక నల్లరాయి జేబులో వేసుకున్నాడు. కాపలాదారు నవ్వుతూనే తీయించి, ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టించాడు. ఒక్క గంట చాలు ఈ చోటుకు. అయితే చెప్పే మనిషి లేని సమయంలో వస్తే పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు, డబ్బులు దండగ అంటారు. గైడు ఉన్నాడా అని ముందే కనుక్కోండి.

మధ్యాహ్నానికి కాళేశ్వరం. అమ్మకు ఇదే అసలు యాత్ర. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తీశ్వరుడు. సంగమంలో స్నానం చేసి, దర్శనం చేసుకుని, మెట్ల మీద కూర్చుని మరమరాలు తింటూ నేను తెలిసిన ఇంకో ముచ్చట చెప్పాను. ఇదే కోటా పొరల్లో తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు చూపిద్దామని.

అమ్మ చీర మీది దుమ్ము దులుపుకుంటూ అంది. "హైదరాబాద్‌ల ఉన్నదాయె. మరి గింత దుమ్ము నాతోని ఎందుకు మింగించినవే?"