డబ్ల్యూడీ-40: పట్టేసిన కర్రు బోల్టులకు ఎంతవరకు పనికొస్తుంది?

వాన పడి నేల పదును దొరికిన రోజే దున్నడానికి కల్టివేటర్ కావాలి, సరిగ్గా ఆ రోజే కర్రుల నట్లు కదలవు. అనంతపురంలో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా చేతికిచ్చేది డబ్ల్యూడీ-40 అనే ఈ స్ప్రే నూనె నీలం-పసుపు డబ్బానే. మంచి సరుకే, కానీ దేనికి మంచిదో తెలిసి కొనండి.

1953లో అమెరికాలో దీన్ని తయారుచేసింది లోహం మీది తేమను తోసేసి తుప్పు రాకుండా ఆపడానికి. డబ్ల్యూడీ అంటే నీటిని తోసేయడమనే అర్థం, 40 అంటే నలభయ్యో ప్రయత్నం. పైపైన తుప్పు పట్టిన చిన్న నట్లకు, పిన్నులకు, కీళ్లకు బాగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వానకు తడిసి బిగుసుకున్నవాటికి మాత్రం ఆ కంపెనీదే విడిగా దొరికే పెనెట్రెంట్ (సందుల్లోకి దిగే నూనె) రకం తీసుకోండి.

ఏది కొట్టినా, కొట్టే పద్ధతిలోనే ఉంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే నట్టు, బోల్టు మరల (చుట్ల) మధ్య సందు మూసుకుపోతుంది. మట్టి మీదే స్ప్రే చేస్తే నూనెంతా మట్టే తాగేస్తుంది. ముందు గీకి, వైర్ బ్రష్‌తో మరలు మెరిసేదాకా రుద్దాలి. స్ప్రే చేశాక నట్టు ఒక పలకకు బరువైన సుత్తి ఆనించి, ఎదురు పలక మీద చిన్న సుత్తితో పది పదిహేను దెబ్బలు వేయాలి. ఆ అదురుకే తుప్పు చిట్లి నూనె లోపలికి దిగుతుంది. రాత్రి ఒకసారి, పొద్దున ఇంకోసారి ఇలాగే. తర్వాత రింగు పానా వేసి, ముందు కాస్త బిగించే వైపు, అప్పుడు ఊడే వైపు తిప్పాలి. కిర్రుమని కదిలిందా, ఆగి మళ్లీ నూనె పోసి అటూ ఇటూ ఆడించండి. పైపు తొడిగి ఒకే ఊపున లాగితే బోల్టు తెగుతుంది.

అప్పటికీ రాకపోతే వెల్డింగ్ షాపులో గ్యాస్ మంటతో నట్టును మాత్రమే కాల్పించాలి. ఈ స్ప్రే మండుతుంది, ముందే శుభ్రంగా తుడవాలి, వేడి ఇనుము మీద కొట్టనేకూడదు. బేరింగులు, సీళ్ల దగ్గర మంట వద్దు. ఎర్రగా కాలిన బోల్టుకు గట్టితనం పోతుంది, మళ్లీ వాడకండి.

కర్రు బోల్టుకు ఇంకో తంటా ఉంది. తల కింద నలుపలకల మెడ అరిగిపోతే నట్టుతోపాటు బోల్టూ తిరుగుతుంది. దానికి ఏ నూనే పనిచేయదు. గ్రైండర్‌తో నట్టు కోసేయడమే. కొత్త బోల్టు మరలకు గ్రీజు రాసి బిగించండి.